మైకు కట్టేసే ముందు ఒక్క కార్డు

(ఒక గిటార్ శిక్షణాలయం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న పిల్లలకు, ఆ పిల్లల కోసం రెండు గంటలుగా ప్లాస్టిక్ కుర్చీల్లో ఓపిక పట్టిన తల్లిదండ్రులకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ హోదాలతో సహా చదవమని నాకొక చీటీ ఇచ్చారు. చదివితే నా పదిహేను నిమిషాల్లో ఐదు అక్కడే ఖర్చవుతాయి. చీటీ జేబులో పెట్టుకున్నాను, మన్నించాలి.

నాకిచ్చిన అంశం 'గిటార్ నేర్చుకుంటే లాభాలు'. నిజం చెప్పాలంటే పెద్దగా లాభాల్లేవు. వేళ్లు కాయలు కాస్తాయి, పక్కింటివాళ్లు పలకరించడం మానేస్తారు. ఆ అంశం అయిపోయింది. ఇందాక ఒక సంగతి జరిగింది, దాని గురించి మాట్లాడతాను. పసుపు చొక్కా వేసుకున్న కుర్రాడు పాత రాక్ అండ్ రోల్ పాట ఒకటి చక్కగా వాయించాడు కదా! చివరి కార్డు మీటాడో లేదో, మైకు కట్టేశారు. చప్పట్లు మొదలయ్యాయి. ఆ కార్డు గాలిలో రెండు క్షణాలు కూడా బతకలేదు. ఆ అబ్బాయి నెల రోజులు సాధన చేసింది ఎక్కువగా దాని కోసమేనని మీలో ఎంతమందికి తెలుసు?

కార్డు అంటే బ్యాంకు కార్డు కాదని పిల్లలకు తెలుసు. వెనక వరసలోని తాతగార్ల కోసం చెబుతున్నాను: మూడు, అంతకు పైన స్వరాలను ఒకేసారి మీటితే పుట్టే నాదం అది. మన కచేరీలో అయితే మంగళం పాడి షడ్జం మీద నిలబెడతారు. ఇల్లు చేరినట్టు ఉంటుంది. 1950లలో అమెరికాలో రాక్ అండ్ రోల్ వాయించినవాళ్లు ఇల్లు చేరేవారు కానీ తలుపు వేసేవారు కాదు. పాట పొడుగునా మూడే కార్డులు, పన్నెండు బార్‌ల, అంటే పన్నెండు తాళావర్తాల చట్రం, నాలుగేళ్ల పిల్లవాడికైనా అర్థమయ్యే దరువు. తీరా ముగింపులో ఎవరూ ఊహించని ఒక కార్డు. అందులో షడ్జం ఉంటుంది, కానీ దాని పక్కన ఆరో స్వరం, అంటే మన ధైవతం, తొమ్మిదో స్వరం, అంటే పై స్థాయి రిషభం, వచ్చి కూర్చుంటాయి.

నేను దాన్ని మొదట విన్నది వాల్తేరు రైల్వే కాలనీలో. మా పక్క క్వార్టర్లో ఆంగ్లో ఇండియన్ అంకుల్ ఒకరు ఉండేవారు, ఇంజిన్ డ్రైవర్. డిసెంబరు వచ్చిందంటే రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులు. అక్కడ ఆయన గిటార్. మిగతా రోజుల్లో డ్యూటీ దిగి, స్నానం చేసి, వరండాలో పేము కుర్చీలో కూర్చుని వాయించేవారు. నేను గోడ మీద కూర్చునేవాణ్ణి. ఒకరోజు పిలిచి నా చెయ్యి పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటీ తంతుల మీద పెట్టారు. పిల్లలూ, మీరూ చూడండి. (గిటార్ ఎత్తి) ఐదో తంతి మూడో మెట్టు. నాలుగో తంతి రెండో మెట్టు. మూడో తంతి కూడా రెండో మెట్టే. సన్నని రెండు తంతులూ మూడో మెట్టు. లావు తంతి జోలికి పోవద్దు. ఇదిగో. (మీటి) మొత్తం చెయ్యిని ఒక మెట్టు ముందుకు జరిపి అక్కడ మీటి, మళ్లీ వెనక్కి ఇలా జారిస్తే... విన్నారా? పాత రికార్డుల్లో ఎన్నిసార్లు విని ఉంటారో ఈ జారుడు.

ఇప్పుడు మూడో తంతి మీది వేలు ఒక్కటి రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకు జరుపుతున్నాను. (మీటి) ముఖం మారిపోయింది. ఇందాకటిది నవ్వు, ఇది కన్ను గీటడం. మొదటిది సిక్స్ నైన్, రెండోది నైన్త్. అంకుల్ మొదటిదాన్ని 'స్టేషన్' అనేవారు, రెండోదాన్ని 'ఔటర్ సిగ్నల్'. "బాబూ, బండి నడపడం అందరూ నేర్చుకుంటారు, కుదుపు లేకుండా నిలబెట్టడం చూడాలి" అనేవారు. తర్వాత ఆయన కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. నా ఒళ్లో ఉన్న ఈ గిటార్ ఆయనదే. ఇక్కడ, మూడో మెట్టు దగ్గర కొయ్య చూడండి, గుంట పడి ఉంది. అది నా వేళ్ల వల్ల కాదు.

అసలు విషయానికి వస్తాను. రాక్ అండ్ రోల్ అనగానే చదువుకున్నవాళ్లు కూడా మూడు కార్డుల గోల అని కొట్టిపారేస్తారు. నాకు కోపం తెప్పించే మాట అది. మూడు కార్డులే వచ్చినవాడు చివర ఐదు స్వరాల కార్డు ఎక్కడి నుంచి తెస్తాడు? ఆ పాటల వెనక వాయించినవాళ్లలో చాలామంది జాజ్ విన్నవాళ్లు, వెస్టర్న్ స్వింగ్, అంటే కౌబాయ్ పాటలకు జాజ్ కలిపిన డాన్సు సంగీతం, వాయించినవాళ్లు. 'రాక్ అరౌండ్ ది క్లాక్' పాడిన బిల్ హేలీ బృందం 1952 దాకా శాడిల్‌మెన్ అనే కౌబాయ్ పేరుతో తిరిగింది. ఆ స్వింగ్ బృందాల్లో ఒళ్లో పెట్టుకుని వాయించే స్టీల్ గిటార్ ఒకటి ఉండేది. దాని తంతులను ఆరో స్వరం కలిసేట్టుగా శ్రుతి చేసుకునే పద్ధతి బాగా చలామణీలో ఉంది. ఊరికే మీటినా ఆరో స్వరం పలికేది. అంతకు ముందు డాన్సు బ్యాండ్లలోనూ పాటను ఆరో స్వరంతో ముగించడం మామూలే. దానికొక కారణం ఉంది. గాయకుడు పైన షడ్జం పట్టి నిలబడితే, కింద కాకలి నిషాదం, అంటే షడ్జాన్ని ఆనుకుని ఉండే 'ని', వాయించిన కార్డు దాన్ని గీరుతుంది. ధైవతం గీరదు. పక్కన మర్యాదగా కూర్చుంటుంది.

డానీ సెడ్రోన్ పేరు విన్నవాళ్లు చేతులెత్తండి. ఒక్కరు. మీరు మాస్టారు కాబట్టి లెక్కలోకి రారు. సరే, సమయం అయిపోతోందని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు, అయినా ఇది చెప్పకుండా దిగను.

1954 ఏప్రిల్ 12. న్యూయార్క్‌లో పైథియన్ టెంపుల్ అనే భవనంలో డెక్కా కంపెనీ రికార్డింగ్. బిల్ హేలీ బృందం 'రాక్ అరౌండ్ ది క్లాక్' పాడాలి. సెడ్రోన్ ఆ బృందంలో శాశ్వత సభ్యుడు కూడా కాదు, కూలికి వచ్చిన గిటార్ వాద్యగాడు. సమయమంతా మరో పాట తినేసింది. దీనికి మిగిలింది కాసేపు, రెండే టేకులు. సోలో, అంటే గిటార్ ముందుకొచ్చి వాయించే ముక్క, కొత్తగా కట్టుకునే తీరిక లేక, రెండేళ్ల కిందట అదే హేలీ కోసం మరో పాటలో తను వాయించిన సోలోనే మళ్లీ వాయించాడు. నేటికీ గిటార్ పట్టిన ప్రతివాడూ కుస్తీ పట్టే సోలో అది. ముట్టిన కూలి 21 డాలర్లు. జూన్ 17న మెట్ల మీద నుంచి పడి చనిపోయాడు. మరో మూడు రోజులుంటే ముప్పై నాలుగు నిండేవి. అప్పటికి ఆ పాట ఒక రికార్డు వెనక వైపున పెద్దగా ఎవరికీ పట్టకుండా పడి ఉంది. మరుసటి ఏడు ఒక సినిమా మొదట్లో దాన్ని వినిపించారు, 1955 జులైలో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లి ఎనిమిది వారాలు అక్కడే కూర్చుంది. వాయించినవాడు లేడు. ఇరవై ఒక్క డాలర్లు! మాకు పెళ్లి కచేరీలో టిఫినుతో పాటు ఇచ్చేది నయం.

క్లిఫ్ గాలప్ కథ కూడా అలాంటిదే. జీన్ విన్సెంట్ అనే రాక్ అండ్ రోల్ గాయకుడి వెనక గిటార్ వాయించాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిక్, నడిమి వేలికీ ఉంగరపు వేలికీ గోటి తొడుగులు, చిటికెన వేలు తంతులను వణికించే కడ్డీ మీద. 1956లో కొద్ది నెలలు వాయించి ఇల్లు చేరాడు, తర్వాత వర్జీనియాలో బడుల నిర్వహణ శాఖలో ఉద్యోగం చేసుకున్నాడు. 1993లో జెఫ్ బెక్ అంతటి గిటార్ వాద్యగాడు ఆయన వాయించినవాటినే మళ్లీ వాయించి ఒక ఆల్బమ్ వేశాడు. ఎల్విస్ వెనక స్కాటీ మూర్ సంగతి తీసుకోండి. 1954 నాటికి అన్నగారి డ్రైక్లీనింగ్ దుకాణంలో టోపీలు సరిచేసే పని. వీళ్లకు ఫొటోలో చోటు అంచున. పాటలో మాట వాళ్లది కాదు, ముఖం వాళ్లది కాదు. ముగింపులోని ఒక్క కార్డు మాత్రం వాళ్లది. సంతకం పెట్టే చోటు కూడా అదే కదా!

1963 జులైలో బీటిల్స్ 'షీ లవ్స్ యూ' చివర గొంతులతోనే ఈ ఆరో స్వరం కార్డు పట్టారు. ఆరో స్వరం జార్జ్ హారిసన్‌ది. నిర్మాత జార్జ్ మార్టిన్ ఇది పాతకాలపు బ్యాండ్ వాసన అన్నారు. ఆయన సంగీతం చదువుకున్న మనిషి, చెప్పింది అబద్ధం కాదు. కుర్రాళ్లు వినలేదు, ఉంచేశారు. వాళ్లు చేసింది మంచి పని.

ఇప్పుడేమో ఫోన్లో కార్డుల పట్టిక తెరిస్తే చివర మూడు స్వరాల ఉత్త 'సి' కార్డు ఉంటుంది. పిల్లలు అదే వాయిస్తారు. పప్పులో తాలింపు మరిచిపోయినట్టు! మాస్టారూ, దయచేసి పట్టిక చూసి కాకుండా రికార్డు విని నేర్పండి.

ఇంకొక్క మాట, ఇక్కడ కర్ణాటక సంగీతం నేర్చుకునే అమ్మాయిలు కనిపిస్తున్నారు కాబట్టి. సిక్స్ నైన్ కార్డులోని స్వరాలు కింది నుంచి వరసగా పేర్చి చూశాను. షడ్జం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్రుతి ధైవతం. ఎవరైనా చెప్పండి. అవును, మోహన రాగం! ఒక్కటి తక్కువ లేదు, ఒక్కటి ఎక్కువ లేదు. మనవాళ్లు గంటసేపు పరిచే ఐదు స్వరాలనూ ఆ టోపీల దుకాణం కాలపు వాద్యగాళ్లు ఒక్క దెబ్బలో మీటి లేచిపోయేవారు. నాకిది తెలిసేసరికి నలభై దాటాయి. అంకుల్‌కి చెప్పాలని ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

లేవకండి, చివరిది ఒకటుంది. ఎడమవైపు వాళ్లు షడ్జం పట్టుకోండి. మధ్యలో పెద్దవాళ్లు పంచమం. కుడివైపు అమ్మలు గాంధారం. మోహనం చెప్పిన అమ్మాయి, నువ్వూ నీ స్నేహితురాళ్లూ రిషభం. పసుపు చొక్కా, నీకు ధైవతం, గట్టిగా పాడు, అది నీ సొత్తు. నేను గిటార్ మీద జారి వస్తాను, నా చెయ్యి ఆగిన చోట అందరూ అందుకోండి. చప్పట్లు తర్వాత. మైకు దగ్గరి బాబూ, నీ చేతులు రెండూ జేబుల్లో పెట్టుకో. ఆ, అలా. శ్రుతి ఇస్తున్నాను, పాడండి.