పీస్ గులాబీ: ఒక్క మొలక కథ, దాని పెంపకం

నమస్కారం. లేత పసుపు రేకుల అంచులకు గులాబీ రంగు అద్దినట్టుండే పీస్ గులాబీ ఎక్కడి నుంచి వచ్చిందో, మన ఎండల్లో దానిని ఎలా నిలబెట్టుకోవాలో ఈ వీడియోలో చూద్దాం.

ఫ్రాన్స్‌లోని లియోన్ దగ్గర, కొత్త గులాబీ రకాలను సృష్టించే ఫ్రాన్సిస్ మేయాన్ 1935లో చేసిన సంకరాల నుంచి వచ్చిన మొలకల్లో ఒకదానికి 3-35-40 అని గుర్తు వేశారు. 1939లో యుద్ధం ముంచుకొస్తున్న వేళ దాని అంటుకొమ్మలు జర్మనీకి, ఇటలీకి, అమెరికాకు వెళ్లాయి. ఆ తరువాత రాకపోకలు తెగిపోవడంతో ఒకే మొక్క ఫ్రాన్స్‌లో మేయాన్ తల్లి పేరుతో మదాం ఎ. మేయాన్‌గా, జర్మనీలో గ్లోరియా డేయిగా, ఇటలీలో జోయాగా పెరిగింది. అమెరికాలో 1945 ఏప్రిల్ 29న పాసడీనాలో దానికి పీస్ అని పేరు పెట్టారు. సరిగ్గా ఆ రోజే బెర్లిన్ పతనమైందని చాలామంది చెబుతారు కాని, బెర్లిన్ లొంగిపోయింది మే 2న. ఐక్యరాజ్యసమితి స్థాపన కోసం శాన్ ఫ్రాన్సిస్కోలో సమావేశమైన ప్రతినిధి బృందాల నాయకులకు ఈ పువ్వును అందజేసిన మాట మాత్రం నిజం. 1976లో ప్రపంచ గులాబీ సంఘాల సమాఖ్య గౌరవ జాబితాలో మొదటి స్థానం దీనికే దక్కింది.

గింజ నాటితే ఈ పువ్వు రాదు కనుక, నర్సరీలో మీరు కొనే దాదాపు ప్రతి పీస్ మొక్కా ఆ ఒక్క మొలక కన్నును (కొమ్మపై ఉండే చిగురు మొగ్గను) వేళ్ల కోసం పెంచిన మరో గులాబీ మొక్కపై అంటు కట్టగా వచ్చినదే. అందుకే కొనేటప్పుడు ముందుగా అంటు ముడిని చూడండి. అది గట్టిగా అతుక్కుని ఉండాలి, నాటినప్పుడు మట్టిపైనే ఉండాలి. ముడి కింద నుంచి వేరే రకం ఆకులతో దూసుకొచ్చే కొమ్మను పుట్టిన చోటికంటా తవ్వి పీకేయాలి. పైపైన కత్తిరిస్తే అది మళ్లీ రెట్టింపు జోరుతో వచ్చి, అసలు మొక్కను మింగేస్తుంది.

రోజుకు ఆరు గంటల ఎండ, నీరు నిలవని మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు చాలు. మన మైదాన ప్రాంతాల్లో అక్టోబరులో కత్తిరిస్తే శీతకాలానికి పూలు వస్తాయి. అయితే తక్కిన హైబ్రిడ్ టీ (పొడవాటి కాడకు పెద్ద పువ్వు పూసే రకం) గులాబీల్లా దీనిని మోకాటి కిందికి నరికితే ముడుచుకుపోతుంది. మూడో వంతు తీస్తే సరిపోతుంది. ఇప్పుడు ఈ కోతను దగ్గరగా గమనించండి. బయటివైపు చూస్తున్న కన్నుకు అర సెంటీమీటరు పైన ఏటవాలుగా కోశాను. లోపలి బెండు తెల్లగా ఉంది కాబట్టి కొమ్మ ఆరోగ్యంగా ఉన్నట్టే. గోధుమ రంగు కనబడితే తెల్లటి బెండు వచ్చేదాకా కిందికి కోసి, కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రనాశక మందు ముద్ద పూయాలి. లేకపోతే కొమ్మ కొసనుంచి నల్లబడుతూ ఎండిపోతుంది.

ఆకులు ఎంత నిగనిగలాడినా ఈ రకానికి నల్లమచ్చ తెగులు సోకుతుంది. అందువల్ల నీటిని ఆకులపై చల్లకుండా ఉదయం పూట మొక్క మొదలు దగ్గరే పోయండి, రాలిన మచ్చల ఆకులను ఏరి కాల్చేయండి. పెద్ద పువ్వు కావాలంటే నడిమి మొగ్గను ఉంచి, పక్క మొగ్గలను బఠాణీ గింజంత ఉన్నప్పుడే గిల్లేయండి. మొదటి సంవత్సరం మాత్రం పువ్వును పొట్టి కాడతోనే కోయండి, ఎందుకంటే కాడకున్న ఆకులే మొక్కకు బలం.