ఆల్ టైమ్ ఫేవరెట్ సినిమాల లిస్టు రాసుకోవడం ఎట్లా: పేరు కాదు, సీను రాయండి

నమస్తే అండి. కడప నుంచి మాట్లాడుతున్నాను. ఈ వీడియోలో మనం చేసే పని ఒక్కటే. మీకు ప్రాణమైన సినిమాల లిస్టు కూర్చుని రాసుకుంటాం. నేను మాట్లాడుతుండగానే మీరు రాసేయొచ్చు. ఒక నోటుబుక్కు, ఒక పెన్ను తెచ్చుకోండి. ఫోన్ మాత్రం పక్కన పెట్టండి. చేతిలో ఫోన్ ఉందంటే రెండో నిమిషంలోనే "టాప్ 100 తెలుగు సినిమాలు" అని వెతుకుతాం. అప్పుడు కాగితం మీదికి వచ్చేది ఎవరిదో లిస్టు, మీది కాదు.

"నీకు బాగా ఇష్టమైన సినిమా ఏది?" అని ఎవరైనా అడిగితే చాలామందికి టెన్షన్ వస్తుంది. నిజంగా నచ్చింది చెబితే ఏమనుకుంటారో, పెద్ద పేరున్న సినిమా చెబితే సరిపోతుందేమో అని లోపల లెక్కలు వేసుకుంటాం. ఆ లెక్కలు రాకుండా చేసే పద్ధతి ఒకటి ఉంది. నేను ఏళ్లుగా పాటిస్తున్నది అదే.

నోటుబుక్కులో ఒక పేజీ తెరవండి. నిలువుగా గీత గీయండి. ఎడమ వైపు సన్నగా, కుడి వైపు వెడల్పుగా. ఎడమ వైపు సినిమా పేరు, కుడి వైపు ఆ సినిమాలోని ఒక సీను. సీనంటే కథ కాదు. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఏం చేశారు, మీకు ఏం కనబడింది, ఏం వినబడింది. నాలుగైదు వాక్యాలు చాలు. "సూపర్", "యాక్టింగ్ అదిరింది", "మ్యూజిక్ హైలైట్" లాంటి మాటలు ఆ కాలమ్‌లో రాయకూడదు. సీను గుర్తురాకపోతే మొహమాటం లేకుండా ఎడమ వైపు పేరు కొట్టేయండి. అది మంచి సినిమానే అయ్యుండొచ్చు. మీ లిస్టులోది మాత్రం కాదు.

ఇప్పుడు నా నోటుబుక్కు కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను. మొదటి పేరు చూడండి, మాయాబజార్. 1957. తెలుగువాళ్లలో సగం మంది ఇదే రాస్తారని నాకు తెలుసు. అందుకే కుడి వైపు కాలమ్ కావాలి. మీ మాయాబజార్ వేరు, నా మాయాబజార్ వేరు. ఒకరికి వివాహ భోజనం దగ్గర ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు, ఇంకొకరికి పడవలో లాహిరి పాట. నేను రాసుకున్నది శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు. శశిరేఖగా కనబడే సావిత్రి సిగ్గుపడుతూ పాట మొదలుపెడుతుంది. పాట మధ్యలో సుశీల గొంతు పోయి ఘంటసాల గొంతు వస్తుంది. అక్కడ సావిత్రి భుజాలు చూడండి, నడక చూడండి. పట్టుచీర అదే, నగలు అవే, లోపలి మనిషి మాత్రం మారిపోయాడు. అంతలోనే ఎవరో చూస్తారన్నట్టు మళ్లీ ఆడపిల్లలా ముడుచుకుంటుంది. ఆ తర్వాత పెళ్లి పీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కుతుంది చూడండి, అక్కడ రేలంగి మొహం! వేషం వేసింది సావిత్రి. కానీ మనకు రంగారావు బరువు తెలుస్తుంది. తెర మీద లేని మనిషిని చూపించడమంటే అదీ. ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకు ఆ సీను పాతబడలేదు.

అదే సినిమాలో ప్రియదర్శిని పెట్టె ఉంది కదా. మూత తీసి చూసినవాళ్లకు తమకు ఇష్టమైనది అందులో కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు. కృష్ణుడు చూస్తే శకుని కనబడతాడు. పెట్టె ఒకటే, చూసేవాళ్లను బట్టి బొమ్మ మారుతుంది. మీరు రాసే కుడి వైపు కాలమ్ అట్లాంటిది. కాబట్టి పక్కవాళ్లు ఏం రాశారో చూడకండి.

చిన్న సలహా. మాయాబజార్‌కు 2010లో రంగులు వేసి విడుదల చేశారు. పిల్లలకు చూపించడానికి ఆ ప్రింటు బాగానే ఉంటుంది. మీరు లిస్టు కోసం చూస్తుంటే మాత్రం బ్లాక్ అండ్ వైట్‌లోనే చూడండి. కెమెరామన్ మార్కస్ బార్ట్లే వెన్నెలను నలుపు తెలుపుల్లోనే పట్టాడు. రంగు పడేసరికి ఆ వెన్నెల పలచబడిపోయింది. ఇది నా అభిప్రాయమే, కానీ గట్టి అభిప్రాయం.

రెండో పేరు మల్లీశ్వరి, 1951. ఇది కొంచెం నెమ్మదిగా నడిచే సినిమా. ఓపిక పట్టండి. వాన పడుతుంటే బావామరదళ్లు, అంటే నాగరాజు, మల్లి, ఒక చోట తలదాచుకుంటారు. మారువేషంలో తిరుగుతున్న కృష్ణదేవరాయలూ, అల్లసాని పెద్దనా అక్కడికే వస్తారు. మల్లి ఆటాపాటా చూసి మెచ్చుకుంటారు. వాళ్లెవరో తెలియని నాగరాజు, రాయలవారికి చెప్పి మా మల్లికి పల్లకీ పంపించండి అని సరదాకు అంటాడు. అంతే, ఒక్క మాట. మన నోటి నుంచి రోజూ అట్లాంటివి ఎన్ని వస్తుంటాయి! కొన్నాళ్లకు ఆ పల్లకీ నిజంగానే ఇంటి ముందు ఆగుతుంది. డబ్బు మీద ఆశతో తల్లి ఒప్పుకుంటుంది. మల్లి రాణివాసానికి వెళ్లిపోతుంది. నా నోటుబుక్కులో "పల్లకీ వచ్చి ఆగింది" అని ఒక్క వాక్యమే ఉంది, చూడండి. దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటలు, సాలూరి రాజేశ్వరరావు సంగీతం, భానుమతి గొంతు, వీటి గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ పల్లకీ. సరదా మాటకు ఇంత శిక్షా అని కడుపులో తిప్పినట్టవుతుంది.

మనవైపు వాళ్లు ఈ సినిమా చూడటానికి ఇంకో కారణం ఉంది. పెనుకొండ కోటో, లేపాక్షి మండపంలో స్తంభాల మీద బొమ్మలో ఒకసారి చూసి వచ్చి మల్లీశ్వరి పెట్టుకోండి. నాగరాజు శిల్పి కదా. అతని చేతి పని అప్పుడు వేరేగా కనబడుతుంది.

ఇప్పుడు రెండో మెట్టు. కుడి వైపు అంచున ఇంకో సన్నటి గీత గీయండి. అందులో సినిమా తీసింది ఎవరో రాయండి. హీరో పేరు వద్దు, అది ఎట్లాగూ గుర్తుంటుంది. దర్శకుడు, వీలైతే రచయిత, కెమెరామన్. ఇప్పుడు ఫోన్ తీసి చూసుకోవచ్చు, తప్పులేదు. ఈ మూడో కాలమ్ నిండాక లిస్టు మాట్లాడటం మొదలుపెడుతుంది. ఎందుకు నచ్చాయో తెలియని సినిమాల మధ్య చుట్టరికం బయటపడుతుంది.

నాకు బయటపడిందేమిటో చెబుతాను. మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డిది తాడిపత్రి. కదిరి వెంకటరెడ్డి ఆయన పూర్తి పేరు. మల్లీశ్వరి తీసిన బి.ఎన్.రెడ్డిది పులివెందుల ప్రాంతం. ఆయన తమ్ముడు నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి మాయాబజార్ నిర్మించాడు. పాతాళభైరవి, చందమామ పత్రిక కూడా ఈ ఇద్దరి చేతుల మీదుగా వచ్చినవే. బి.ఎన్.రెడ్డికి 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. నాగిరెడ్డికీ తర్వాత వచ్చింది. ఒకే ఇంట్లో ఇద్దరికి! తెలుగు సినిమా అనగానే ప్రపంచం మొత్తం తలుచుకునే రెండు సినిమాల వెనక అనంతపురం, కడప జిల్లాల మనుషులున్నారు.

ఇది నేనెందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, రాయలసీమ సినిమా అనగానే అందరికీ గుర్తొచ్చేది గాల్లోకి లేచే సుమోలూ, బాంబులూ, తొడలు కొట్టడాలూ. బయటి ఊళ్లో కడప అని చెబితే ఎదుటివాళ్లు ఒక నవ్వు నవ్వి అడిగే ప్రశ్న ఏమిటో ఈ వీడియో చూస్తున్న మనవాళ్లందరికీ తెలుసు. నాకది బాధే. సినిమా మన మీద వేసిన ముద్ర అది. కానీ ఆ సినిమా అనే పనిని తెలుగువాళ్లకు నేర్పిన వాళ్లలో మనవాళ్లున్నారు. ఎవరైనా అడిగితే ఇక నుంచి కె.వి.రెడ్డి పేరు చెప్పండి.

కె.వి.రెడ్డి సినిమాల్లో యోగి వేమన కూడా చూడండి. 1947 నాటిది. వేమనగా చిత్తూరు నాగయ్య. మన కదిరి దగ్గర కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. శ్మశానంలో నాగయ్య పాడే ఘట్టం ఒక్కటి చాలు. ప్రింటు పాతది, శబ్దం గరగరలాడుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి.

అట్లాగని ఫ్యాక్షన్ నేపథ్యం ఉన్నవన్నీ పక్కన పెట్టానా అంటే, లేదు. ఒక్కడు నా లిస్టులో ఉంది. 2003 సంక్రాంతికి వచ్చింది. గుణశేఖర్ ఆ సినిమా కోసం చార్మినార్ సెట్ వేయించాడు, దాని గురించి అందరూ చెప్పుకుంటారు. నేను రాసుకున్నది కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గరి సీను. కబడ్డీ ఆడటానికి వచ్చిన కుర్రాడు, ఆ ఊళ్లో ఎవరూ కన్నెత్తి చూడని మనిషిని అందరి ముందూ కొడతాడు. కొట్టాడన్నది కాదు, ఎవరిని కొట్టాడో అతనికి తెలియదు. చుట్టూ ఉన్న జనానికి తెలుసు. మనకూ తెలుసు. ఆ తేడాలోంచే భయం పుడుతుంది.

మర్యాద రామన్న కూడా ఉంది, 2010. 1923లో బస్టర్ కీటన్ నటించిన అవర్ హాస్పిటాలిటీ అనే మూకీ సినిమాలోంచి వచ్చిన ఆలోచన. రాజమౌళి దాన్ని తెచ్చి మన గడప మీద పెట్టాడు. పగ పట్టిన పెద్దాయన ఇంట్లో ఉన్నంతసేపూ హీరో అతిథి, గడప దాటితే శత్రువు. సునీల్ ఆ గడప దగ్గర ఒక కాలు ఎత్తి ఆగే క్షణాలు చూడండి. కత్తులున్నాయి, పగ ఉంది, అయినా నవ్వొస్తుంది. ఫ్యాక్షన్ కథలన్నిటిలో ఇంటి గడపకు ఇంత విలువ ఇచ్చిన సినిమా నాకు ఇంకోటి కనబడలేదు. ఇంటికి వచ్చినవాడికి అన్నం పెట్టకుండా పంపని సీమ ఇళ్లు నేను చూశాను కాబట్టి ఆ పెద్దాయన పట్టుదల నాకు అర్థమవుతుంది.

అరవింద సమేత గురించి ఒక్క మాట. పెద్ద ఫైటు కాదు, ఆ తర్వాత జేజి మనవడితో మాట్లాడే సీను రాసుకున్నాను. అంతే, ముందుకు పోదాం.

ఇప్పుడు గొప్ప సినిమాకూ, మన సినిమాకూ తేడా. శంకరాభరణం గొప్పది, అందులో అనుమానం లేదు. కానీ కె.విశ్వనాథ్ సినిమాల్లో నా చేయి దానంతట అది రాసింది సాగర సంగమం, 1983. డ్యాన్సులే డ్యాన్సులున్న సినిమాలో నేను రాసుకున్న సీనులో డ్యాన్సే లేదు. నాట్యం కోసం తపించే బాలుకు మాధవి ఒక పుస్తకం ఇస్తుంది. ఢిల్లీలో జరగబోయే నాట్యోత్సవం ఆహ్వానం. బాలు ఒక్కో పేజీ తిప్పుతాడు. ఒక్కో పేజీలో ఒక్కో మహా కళాకారుడి ఫోటో. భక్తితో చూస్తుంటాడు. అట్లా తిప్పుతూ తిప్పుతూ ఒక పేజీ దగ్గర ఆగిపోతాడు. అందులో ఉన్నది తన ఫోటో. అక్కడ కమల్ హాసన్ మొహంలో మొదట వచ్చేది సంతోషం కాదు, నమ్మలేకపోవడం. సంతోషం తర్వాత వస్తుంది, ఏడుపుతో కలిసి. పల్లెటూరి నుంచి, చిన్న ఊరి నుంచి ఏదో ఒకటి నేర్చుకోవాలని తపించిన ఎవరికైనా ఆ పేజీ ఏమిటో తెలుస్తుంది.

ఇక పరీక్ష. లిస్టు రాయగానే అయిపోయిందనుకోకండి. ఒక్కో సినిమాను మధ్యలోంచి పెట్టి చూడండి. మొదటి నుంచి కాదు, ఎక్కడో ఒకచోట నుంచి. టీవీలో సగంలో వస్తుంటే రిమోట్ పక్కన పెట్టి నిలబడే చూస్తాం కదా, ఆ సినిమాలు ఉంటాయి. చేయి ఫోన్ వైపు పోతే ఆ పేరు పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టండి. వెంటనే కొట్టేయొద్దు, ఆ రోజు మీ మనసు బాగోలేకపోయి ఉండొచ్చు. ఇంకోసారి చూసినా అంతే అయితే కొట్టేయండి. ఇంకో సంగతి, నంబర్లు వేయకండి. మల్లీశ్వరి మూడా నాలుగా అని తేల్చడం నావల్ల కాదు, తేల్చి చేసేదీ లేదు.

చివరిగా ఒక పేజీ ఖాళీగా వదలండి. అది ఇంట్లో పెద్దవాళ్లకు. అమ్మనో, నాయననో, అవ్వనో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. "నీ ఫేవరెట్ సినిమా ఏది" అని అడిగితే "ఏమోప్పా, అన్నీ బాగుండేవి" అంటారు. "ఏ సీను గుర్తుంది" అని అడగండి. అప్పుడు వస్తాయి. మా అమ్మ, పసిబిడ్డను ఎత్తుకుని పెంచుకునే మొరటు మనిషి అని చెప్పింది, సినిమా పేరు గుర్తులేదంది. నటుడు ఎవరమ్మా అంటే రంగారావు అంది. అది బి.ఎన్.రెడ్డి తీసిన బంగారు పాప, 1955. అట్లా రెండు ప్రశ్నలు వేస్తే పేరు దొరుకుతుంది. పాత సినిమాలు చాలావరకు యూట్యూబ్‌లో ఉన్నాయి. దొరికిన సినిమాను వాళ్లతో కలిసే చూడండి, వాళ్లు చెప్పిన సీను వచ్చేదాకా మధ్యలో ఏమీ అడగొద్దు. సీను వచ్చాక సినిమా ఆపి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు కుడి వైపు కాలమ్‌లో రాయండి.