ఫీజు తీసుకున్నాక వచ్చి మట్టి చూడండి

అందరికీ నమస్కారం. పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, ఏమీ అనుకోకండి. భూ వినియోగ మార్పులకీ, సెప్టిక్ ట్యాంకు పర్మిట్ల పరిశీలనకీ ఫీజు ఎంత పెట్టాలో చెప్పమన్నారు. నాకంటే ముందు మాట్లాడినవాళ్లంతా తగ్గించమనే అడిగారు. సెప్టిక్ ఫీజు తగ్గించొద్దని అడగడానికి నేను వచ్చాను.

పన్ను అందరి అవసరాల కోసం అందరం కడతాం. ఫీజు అలా కాదు, మన దరఖాస్తు మీద ఎవరో పని చేస్తారు కాబట్టి కడతాం. ఫైలు చూడటానికి ఎన్ని గంటలు, స్థలానికి వెళ్లి రావడానికి ఎంత, ఆ మనిషి జీతంలో, ఆఫీసు ఖర్చులో వాటా ఎంత, ఇవన్నీ కలిపితే వచ్చేదే ఫీజు. అంతకు మించి వసూలు చేస్తే అన్యాయం. మరీ తక్కువ పెడితే ఆ లోటు పర్మిట్‌తో సంబంధం లేనివాళ్ల పన్నుల్లోంచి పూడ్చాలి, లేదంటే పనే జరగదు. మా విషయంలో పనే జరగలేదు.

మా పక్క స్థలంలో ఇల్లు కట్టారు, మంచివాళ్లు, వాళ్ల తప్పేమీ లేదు. ఎండాకాలంలో చేయించిన మట్టి పరీక్ష రిపోర్టు, ప్లాను పెట్టి ఫీజు కట్టారు, సెప్టిక్ ట్యాంకుకి పర్మిట్ వచ్చింది. స్థలం చూడటానికి ఒక్కరు కూడా రాలేదు. వానలు పడి భూమిలో నీటిమట్టం పైకొచ్చేసరికి మా బావి నీళ్లు వాసన రావడం మొదలైంది. పైపు పాడైందేమో అని మార్చాం. మా అమ్మ ఆ నీళ్లే తాగి నెల రోజులు కడుపునొప్పితో మంచం పట్టింది. పరీక్ష చేయిస్తే మలంలో ఉండే బ్యాక్టీరియా ఉందన్నారు. రిపోర్టు పట్టుకుని ఆఫీసుకి వెళితే అక్కడున్నాయన, "ఈ ఫీజుకి మేం కాగితాలే చూడగలమండీ, తిరగడానికి మనుషులేరీ" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. ఆ నిజం మీదే నాకు ఇప్పటికీ కోపం.

మీలో బావి నీళ్లో బోరు నీళ్లో తాగేవాళ్లు ఎంతమంది? ఒక్కసారి చేతులెత్తండి. చూశారా.

ట్యాంకే నీటిని శుభ్రం చేస్తుందని చాలామంది అనుకుంటారు. ట్యాంకులో బరువైనది అడుక్కి దిగుతుంది, జిడ్డు పైకి తేలుతుంది, మధ్యలో ఉన్న మురికినీరు బయటికి పోతుంది. దాన్ని శుభ్రం చేసేది మట్టే. బంకమన్ను అయితే ఇంకదు, పైకి ఉబుకుతుంది. ముతక ఇసుక అయితే మరీ తొందరగా దిగిపోతుంది, శుభ్రమయ్యే సమయమే ఉండదు. మట్టి బాగానే ఉన్నా వానాకాలంలో నీళ్లు ఎంత పైకి వస్తాయో చూడాలి. గుంట తవ్వి, నీళ్లు పోసి నానబెట్టి, మళ్లీ పోసి ఎంతసేపట్లో ఎంత దిగుతుందో గడియారం పెట్టి కొలవాలి, మట్టి పొరల రంగు చూడాలి, బావి ఎంత దూరమో టేపు పట్టాలి. ఇదంతా టేబుల్ దగ్గర కూర్చుంటే అవుతుందా? ఇంకో మాట, ఈ మురికితో వచ్చే నైట్రేట్ మరిగించినా పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కనవుతుంది. లీటరుకి 50 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది పసిపిల్లల్ని దృష్టిలో పెట్టుకునే.

ఫీజుల దగ్గరికి వస్తాను. చిన్న గది వేసుకునేవాళ్లకీ, వంద ప్లాట్ల లేఅవుట్ వేసేవాళ్లకీ ఒకే ఫీజు ఏమిటి? పని గంటల్ని బట్టి పెట్టండి, ఆ గంటల లెక్క గోడ మీద అంటించండి. 2024లో అమెరికా సుప్రీంకోర్టు కాలిఫోర్నియాలోని ఎల్ డొరాడో కౌంటీ కేసులో, పర్మిట్ కోసం రోడ్ల పేరుతో వేసే రుసుము అందరికీ కలిపి చట్టం ద్వారా పెట్టినదైనా సరే, ఆ కారణంగా, కట్టడం వల్ల పడే భారానికి తగ్గట్టే వేశారా అని కోర్టు చూసే పరీక్ష నుంచి మినహాయింపు ఉండదని చెప్పింది. అది పరిశీలన ఫీజు గురించి కాదు, కానీ లెక్క చెప్పాల్సిన బాధ్యత ఇక్కడా ఉంది. మీ ఆఫీసు పొరపాటు వల్ల ఫైలు మళ్లీ చూడాల్సి వస్తే రెండోసారి ఫీజు అడక్కండి.

పాడైన ట్యాంకు రిపేరు పర్మిట్‌కి మాత్రం తగ్గించండి, కుదిరితే తీసేయండి. అక్కడ ఎక్కువ పెడితే జనం రాత్రికి రాత్రి మట్టి కప్పేసి ఊరుకుంటారు, అది పక్కవాళ్ల బావిలోకే వస్తుంది.

చివరిగా ఒక్కటే అడుగుతున్నాను. గుంట తవ్వి కొలిచే రోజు ఏదో పక్కింటివాళ్లకి కూడా ముందే చీటీ పంపండి, ఆ చీటీ ఖర్చు కూడా ఫీజులో కలపండి. మాకు ఆ చీటీ వచ్చి ఉంటే మా అమ్మే వెళ్లి, వానాకాలంలో అక్కడ మోకాలి లోతులో నీళ్లు ఊరతాయని చూపించేది.