దింపడానికి కుదిరిన పొత్తు

అధ్యక్షులకు, సభకు నమస్కారం.

సోమాలియా పేరు చెప్పగానే మనకు కరువు, సముద్రపు దొంగలు గుర్తుకు వస్తారు. ఈ రెండూ రాకముందు ఆ దేశంలో కుదిరిన ఒక పొత్తు గురించి ఈరోజు మాట్లాడతాను. 1990 ఆగస్టులో మూడు తిరుగుబాటు సంస్థలు కలిసి యుద్ధం చేయడానికి ఒప్పుకున్నాయి. ఆరు నెలలు తిరగకముందే ఇరవై ఒక్క ఏళ్ల నియంతృత్వం కూలింది. వెంటనే ఆ పొత్తు కూడా కూలింది.

వీళ్లను కలిపింది సిద్ధాంతం కాదు, సియాద్ బారే. 1969 అక్టోబరులో సైనిక కుట్రతో గద్దెనెక్కిన ఈ జనరల్, సోషలిజం పేరు చెప్పి వంశాభిమానాన్ని నిషేధించాడు. పాలనలో మాత్రం తన వంశమైన మారెహాన్‌ను, తల్లి తరఫు ఒగాడెన్‌ను, ఒక అల్లుడి వంశమైన ధుల్బహంటేను నమ్ముకున్నాడు. 1978లో ఒగాడెన్ ప్రాంతం కోసం జరిగిన యుద్ధంలో ఇథియోపియా చేతిలో ఓడిపోయాక, మజెర్తీన్ వంశానికి చెందిన కొందరు సైనికాధికారులు అతడిని దించబోయి విఫలమయ్యారు. ఆ కోపం వంశం మొత్తం మీద తీర్చుకున్నాడు. కొందరు చేసిన పనికి అందరినీ శిక్షిస్తే, తిరుగుబాటుదారులు మనుషుల కోసం వెతుక్కోవలసిన పని ఉండదు. బారే పద్ధతంతా ఇదే.

ఉత్తరాన ఇసాక్ వంశం వారు 1981లో లండన్‌లో సోమాలీ జాతీయ ఉద్యమాన్ని స్థాపించారు. స్థావరాలు ఇథియోపియాలో ఉండేవి. 1988 ఏప్రిల్‌లో బారే, ఇథియోపియా అధినేత మెంగిస్తు రాజీపడ్డారు: నీ తిరుగుబాటుదారులకు నేను చోటివ్వను, నా వాళ్లకు నువ్వు ఇవ్వకు. కాగితం మీద అది శాంతి ఒప్పందమే. కానీ నిలువ నీడ పోతుందని తెలిసిన ఉద్యమకారులు మే నెలాఖరులో సరిహద్దు దాటి బురావో, హర్గీసా నగరాల మీద పడ్డారు. జవాబుగా సైన్యం ఫిరంగులతో, విమానాలతో హర్గీసాను నేలమట్టం చేసింది. బాంబులు మోసిన విమానాలు ఎగిరింది కూడా ఆ ఊరి విమానాశ్రయం నుంచే! తమ ప్రభుత్వ విమానాలే తమ ఊరిని కూల్చడం చూసిన జనం లక్షల్లో ఇథియోపియాకు పారిపోయారు. ఆ తర్వాత ఉత్తరంలో బారే ఆట సాగలేదు.

మిగిలిన ఇద్దరు భాగస్వాములు 1989లో పుట్టారు. హావియే వంశం వారి ఐక్య సోమాలీ కాంగ్రెస్ రోమ్‌లో మొదలైంది. అప్పటిదాకా బారేకు అండగా నిలిచిన ఒగాడెన్ అధికారులే కల్నల్ ఒమర్ జెస్ వంటివారి వెంట సోమాలీ దేశభక్త ఉద్యమంగా తిరగబడ్డారు. కాంగ్రెస్ సాయుధ విభాగం జనరల్ అయిదీద్ చేతికి వచ్చింది. ఈయన మనకు మరీ పరాయివాడు కాదు. 1980ల్లో ఢిల్లీలో సోమాలియా రాయబారి. విచారణ లేకుండా ఏళ్ల తరబడి జైల్లో పెట్టిన మనిషిని బారే రాయబారిని చేసి పంపాడు. దూరంగా ఉంటే చాలనుకున్నాడు కాబోలు.

1990 ఆగస్టులో చేతులు కలిపింది ఈ మూడు సంస్థలే. బారేను దించాలన్న దానిలో వారికి తేడా లేదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న మాట తేలనే లేదు. నా దృష్టిలో ఆ ఒప్పందంలోని అసలు లోపం ఇదే. వంశాల పోరును తప్పుపట్టి ఊరుకునేవారు దీన్ని చూడరు.

1990 డిసెంబరు చివర రాజధాని మొగదీషులో పోరు రాజుకుంది. 1991 జనవరి 26న బారే పారిపోయాడు. రెండు మూడు రోజుల్లోనే, మొగదీషు పెద్దలు కాంగ్రెస్‌లోనే ఉన్న హోటల్ వ్యాపారి అలీ మహదీని తాత్కాలిక అధ్యక్షుడిగా ప్రకటించారు. అయిదీద్‌ను అడగలేదు, ఉత్తరం వారినీ అడగలేదు. మే 18న ఉత్తరం సోమాలిలాండ్‌గా విడిపోయింది. నవంబరు నుంచి నాలుగు నెలలు అయిదీద్, మహదీ వర్గాలు రాజధానిని ఫిరంగులతో రెండుగా చీల్చాయి. ఇద్దరూ హావియే వారే, ఒకే సంస్థ వారే. అప్పటికే కరువు మొదలైంది. 1992లో అయిదీద్ జెస్ తదితరులను కలుపుకుని సోమాలీ జాతీయ కూటమి కట్టాడు. 1993లో ఐక్యరాజ్యసమితి సేనలతోనూ, అమెరికాతోనూ తలపడింది ఈ కూటమే.

1993 మార్చిలో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో కుదిరిన శాంతి పత్రం మీద పదిహేను వర్గాలు సంతకాలు పెట్టాయి. చీలిక వర్గాలు వేరువేరుగా సంతకం పెట్టడంతో అందులో కాంగ్రెస్ పేరు రెండు సార్లు, దేశభక్త ఉద్యమం పేరు రెండు సార్లు ఉన్నాయి. ఉత్తరం వారు సంతకం పెట్టలేదు.