ఏడు రోజుల ముందు

(సోంపేటలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, గ్రంథాలయాధికారి గారికి, ముందు వరుసలో కూర్చున్న మా హెడ్మాస్టారు గారికి, బెంచీలు చాలక గోడవార నిలబడిన పిల్లలకు నమస్కారం. నన్ను పోస్టాఫీసు జ్ఞాపకాలు చెప్పమన్నారు. చెప్తాను. కానీ నిన్న సాయంత్రం నుంచి నా మనసంతా ఇంకో విషయం మీద ఉంది. అది చెప్పకుండా ఈ మైకు వదిలితే నాకు ఇవాళ కూడా నిద్ర పట్టదు.

నిన్న మా వీధిలో చెల్లెలి వరసామె లడ్డూలు పట్టుకొచ్చింది. "అన్నయ్యా, మావాడికి అమెరికాలో ఇంటర్న్‌షిప్ వచ్చింది. సోమవారమే జాయినైపోమన్నారట" అంది. సంతోషమే కదా. అయినా నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "కాలేజీవాళ్ళు పని చేసుకోడానికి సీపీటీ అనుమతి కాగితం ఇచ్చారా అమ్మా?" "ఏటో అన్నయ్యా, అది తర్వాత వస్తుందట. ముందు పనిలోకి రమ్మన్నారట" అంది. లడ్డూ నా చేతిలోనే ఉండిపోయింది. సరిగ్గా ఈ మాటే 2022 జూన్‌లో మా ఇంట్లో విన్నాను.

పోస్టాఫీసుతో మొదలుపెడతాను, మీరు అడిగారు కాబట్టి. సబ్ పోస్టుమాస్టరుగా ఉన్న రోజుల్లో పొద్దున్న తలుపు తీయగానే నా మొదటి పని తేదీ ముద్ర. నిన్నటి అంకె ఊడదీసి, ఇవాళ్టిది బిగించి, సిరా అద్ది, దానికోసమే పెట్టిన పుస్తకంలో ఒక ముద్ర వేసి చూడాలి. అంకెలు స్పష్టంగా పడ్డాయని చూసుకున్నాకే మొదటి ఉత్తరం ముట్టుకోవాలి. తేదీ తప్పు పడిన రిజిస్టరు రసీదు పట్టుకుని కోర్టుకి వెళ్ళినవాడి గతి ఏమిటో నాకు తెలుసు. సర్వీసంతా అలా తేదీ చూసుకుంటూ బతికాను. ఒక్కసారి, నా కూతురి విషయంలో, చూడలేదు.

మన ఉద్దానం వాళ్ళకి పరదేశం కొత్త కాదు. మా తాత రంగం, అదే బర్మాలో రంగూన్, వెళ్ళాడు. బారువ రేవులో ఓడెక్కాడని మా నాయనమ్మ చెప్పేది. 1937 దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే, కాబట్టి వీసా అన్న మాటే ఆయన ఎరగడు. ఒక రేకు పెట్టె, ఓడ టికెట్టు, అంతే. తర్వాత మా చిన్నాన్న వెల్డరుగా గల్ఫ్ వెళ్ళాడు. ఏజెంటు విజిట్ వీసా చేతిలో పెట్టి, "అక్కడికెళ్ళాక వర్కు వీసాగా మారుస్తారు, ముందు పనిలో చేరిపో" అన్నాడు. అది మారలేదు. ఎనిమిది నెలలు దాక్కుని దాక్కుని పనిచేసి, ఒంటిమీద బట్టలతో తిరిగొచ్చాడు. పాపం, ఆయన పదో తరగతి కూడా చదవలేదు, ఆ కాగితం మీద ఏముందో ఆయనకు తెలియదు.

మూడో తరం మా పెద్దమ్మాయి. బీటెక్ ఫస్టు క్లాసు. ఇంగ్లీషు గడగడా చదువుతుంది. తిత్లీ తుఫానులో పోగా మిగిలిన జీడితోట కాగితాలు బ్యాంకులో పెట్టి 2021 ఆగస్టులో అమెరికాకి ఎంఎస్‌కి పంపాం. "ముందు పనిలో చేరిపో, కాగితం తర్వాత వస్తుంది" అని మా చిన్నాన్నకు ఏజెంటు చెప్పిన మాటే ఈ చదువుకున్న పిల్లకి ఒక మేనేజరు చెప్పాడు. పిల్ల నమ్మింది. ఫోనులో నాకు చెప్తే నేనూ, "మంచిదే కదమ్మా, వెళ్ళు" అన్నాను.

జరిగింది ఇదీ. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదివేవాళ్ళు బయట ఇంటర్న్‌షిప్ చేయాలంటే సీపీటీ అనే అనుమతి కావాలి. అది ఇచ్చేది కంపెనీ కాదు. కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారం చూసే అధికారి ఒకరుంటారు, డీఎస్‌ఓ అంటారు, ఆయన ఇవ్వాలి. ఆ పని చదువులో భాగమై ఉండాలి. మామూలుగా ఒక విద్యా సంవత్సరం పూర్తి చేసి ఉండాలి. అనుమతి ఇచ్చాక కొత్త ఐ-20 వస్తుంది, విదేశీ విద్యార్థికి కాలేజీ ఇచ్చే పత్రం అది. దాని రెండో పేజీలో కంపెనీ పేరు, పార్ట్ టైమా ఫుల్ టైమా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, అన్నీ అచ్చేసి ఉంటాయి. మా అమ్మాయి కాగితం మీద మొదలు తేదీ జూన్ 13. పిల్ల పనిలోకి వెళ్ళింది జూన్ 6, సోమవారం. ఏడు రోజులు ముందు.

దొంగతనం చేశానని పిల్ల అనుకోలేదు. అందుకే దాచలేదు. ఇంటర్న్‌షిప్‌ని కాలేజీలో ఒక కోర్సుగా రాయించుకోవాలి, దానికి రిపోర్టు ఇవ్వాలి. ఆ రిపోర్టు మొదటి వాక్యంలోనే "జూన్ 6న చేరాను" అని రాసింది. నిజం రాసింది నా కూతురు. ఆ వాక్యం చూసి ప్రొఫెసరు డీఎస్‌ఓకి చెప్పాడు, డీఎస్‌ఓ తన డ్యూటీ ప్రకారం, విదేశీ విద్యార్థుల కోసం అమెరికా ప్రభుత్వం పెట్టిన సెవిస్ అనే రికార్డులో స్టేటస్, అంటే విద్యార్థిగా అక్కడ ఉండే హోదా, రద్దు చేశాడు. ఆయన్ని నేను తప్పు పట్టను. అనుమతి లేకుండా పని చేసినందుకు స్టేటస్ పోతే గడువేమీ ఉండదు, బయల్దేరాల్సిందే. పోయిన స్టేటస్ తిరిగి తెచ్చుకోడానికి రీఇన్‌స్టేట్‌మెంట్ అని ఒక దారి ఉంది. అనుమతి లేని పని చేసినవాళ్ళకి ఆ దారీ మూసే ఉంటుంది. "అది ట్రైనింగే కదా, ఇంకా జీతం కూడా ఇవ్వలేదు కదా" అని నేను ఇక్కడినుంచి ఎంత వాదించినా వినేవాడెవరు?

ఆగస్టులో పిల్ల వైజాగ్‌లో దిగింది. కారులో పలాస దాటేదాకా ఒక్క మాట లేదు. ఇంటికొచ్చాక వాళ్ళమ్మ అన్నం పెట్టి, "తిను గుంటా, ఏటి కొంపలు మునిగిపోనాయి" అంది. అప్పుడు ఏడ్చింది.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఇంకో పది నిమిషాలు ఇవ్వండి సార్, ఇందాక సన్మానానికి పట్టినంత సేపు కూడా తీసుకోను.

కొత్త ఐ-20 తెప్పించాం. సెవిస్ ఫీజు 350 డాలర్లు మళ్ళీ కట్టాం. వీసా ఫీజు మళ్ళీ. డిసెంబరులో పలాసలో ఫలక్‌నుమా ఎక్కి, బేగంపేటలో కాన్సులేట్ బయట ఫుట్‌పాత్ మీద నేను కూర్చుంటే లోపల పిల్ల ఉన్నదున్నట్టు చెప్పుకుంది. వీసా ఇచ్చారు. అక్కడితో అయిపోలేదు. కొత్త రికార్డు మీద వెళ్తే సీపీటీకైనా, చదువయ్యాక వచ్చే ఓపీటీ అనే పని అనుమతికైనా ఆ విద్యా సంవత్సరం లెక్క మళ్ళీ మొదటినుంచి. మిగిలింది నాలుగు సబ్జెక్టులే అయినా ఏడాది పొడుగునా ఉండాల్సి వచ్చింది. జీడితోట కాగితాలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

పిల్లలూ, ఇక్కడ కొంచెం రాసుకోండి. పెన్ను లేనివాళ్ళు పక్కవాళ్ళని అడగండి. క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్ లోపల పని వారానికి 20 గంటలు దాటకూడదు. సీపీటీలో 20 గంటలు దాటితే ఫుల్ టైమ్ కింద లెక్క. ఫుల్ టైమ్ సీపీటీ 12 నెలలు చేస్తే ఆ డిగ్రీకి ఓపీటీ పోయినట్టే. ఓపీటీ 12 నెలలు, అది కాలేజీ సిఫారసుతో ప్రభుత్వానికి అప్లై చేసుకోవాలి, కార్డు చేతికొచ్చి దాని మీద తేదీ మొదలయ్యాకే పనిలోకి వెళ్ళాలి. చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందునుంచి 60 రోజుల తర్వాత దాకా అప్లై చేయొచ్చు. ఆ 12 నెలల్లో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. సైన్సు, ఇంజనీరింగు వాళ్ళకి ఇంకో 24 నెలలు పొడిగింపు ఉంది, ఉద్యోగుల అర్హత సరిచూసే ఈ-వెరిఫై అనే ప్రభుత్వ పద్ధతిలో కంపెనీ ఉంటేనే. ఇక్కడ చదువుతూ ఇంటర్న్‌షిప్ కోసమే అమెరికా వెళ్ళేవాళ్ళది జే-1 వీసా, దానికి ఏం పని నేర్పుతారో రాసి సంతకాలు చేసిన ప్లాన్ ఉండాలి. టూరిస్టు వీసా మీద ఇంటర్న్‌షిప్ లేదు. ఎవరైనా ఉందంటే ఆ మనిషిని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ ఆ గుమ్మం తొక్కకండి.

జర్మనీ వెళ్ళేవాళ్ళకి 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేయొచ్చు. కోర్సులో తప్పనిసరైన ఇంటర్న్‌షిప్ ఆ లెక్కలోకి రాదు. కెనడాలో కోర్సులో భాగమైన పనికి అనుమతి సంగతి ముందే కనుక్కోవాలి. రూల్స్ మారుతూంటాయి, నా మాట పట్టుకుని కూర్చోకండి, వెళ్ళే ముందు కాలేజీ ఆఫీసుని అడగండి.

ఇంకో మాట. చేరిన మొదటి రోజునుంచే సీపీటీ ఇస్తామని కొన్ని కాలేజీలు ఆశ పెడతాయి. చేరగానే పని చదువులో తప్పనిసరి అయ్యే పీజీ కోర్సులు నిజంగానే కొన్ని ఉన్నాయి. కానీ క్లాసు లేకుండా పని మాత్రమే అన్నచోట ఏం జరిగిందో మన తెలుగు పిల్లలకే ఎక్కువ తెలుసు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూసేశారు. మన పిల్లల కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. ఆ ఫోటోలు పేపర్లో వచ్చిన రోజు ఒక తల్లి పోస్టాఫీసుకొచ్చి, "మావాడిది ఏ కాలేజో ఈ కవరు మీద చదివి చెప్పు బాబూ" అంది. పెద్దగా చదివాను, ట్రైవ్యాలీ కాదు. ఆమె అక్కడే గడప మీద కూలబడింది. 2019 జనవరిలో ఫార్మింగ్‌టన్ అని ఇంకోటి. అది అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్ళే వల వేసి పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. నూటికి పైగా విద్యార్థుల్ని పట్టుకున్నారు, ఎక్కువమంది మనవాళ్ళే.

తల్లిదండ్రులూ, ఇంగ్లీషు రాదని వెనక్కి తగ్గకండి. తేదీకి ఇంగ్లీషు అక్కర్లేదు, అంకెలు మనందరికీ వచ్చు. వీడియో కాల్‌లో, "ఆ రెండో పేజీ చూపించమ్మా" అనండి. కంపెనీ పేరు చూడండి. మొదలు తేదీ చూడండి. పిల్లలు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. అమ్మా, ఆ నీలం చీర ఆవిడా, మీ అబ్బాయి ఎక్కడున్నాడన్నారు? డల్లాసా? ఈ రాత్రికే అడగండి.

లడ్డూల సంగతి మిగిలిపోయింది. రాత్రి ఆ అబ్బాయికి ఫోను చేయించాను. మొదట, "మామయ్యా, మేనేజరుకి కోపం వస్తుంది" అన్నాడు. మా అమ్మాయి కథ మొత్తం చెప్పాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఇవాళ పొద్దున్న మెసేజ్ పెట్టాడు. కంపెనీకి రాశాడట, ఐ-20 వచ్చి అందులో తేదీ మొదలైతేనే వస్తానని. వాళ్ళు సరే అన్నారట.

మా అమ్మాయి ఐ-20 రెండో పేజీ జిరాక్సులు, పేరూ నంబర్లూ చెరిపేసి, గ్రంథాలయాధికారి గారి బల్ల మీద పెట్టాను. తలా ఒకటి తీసుకోండి. ఆదివారం పొద్దున్న 10 గంటలకి నేను ఈ గదిలోనే ఉంటాను. ఎవరి పిల్లల కాగితాలున్నా పట్టుకు రండి, కూర్చుని చూద్దాం.