చెక్‌లిస్ట్ చదవకుండా ‘ఓకే’ కొట్టకండి: షిప్పింగ్ బిల్లు దాఖలుపై ప్రసంగ పాఠం

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, మూడోసారి నేను చదవను. సముద్ర మార్గంలో వెళ్లే సరుకుకి షిప్పింగ్ బిల్లు, అంటే కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం, ఎలా వేయాలో, కస్టమ్స్ పోర్టల్ ఐసీగేట్ నుంచి డ్రాబ్యాక్ (కట్టిన సుంకంలో వెనక్కి వచ్చే డబ్బు) చెల్లింపుల స్క్రోల్ దాకా వరసగా చెప్పమన్నారు. చెబుతాను. ముందు చెక్‌లిస్ట్ సంగతి తేలాలి.

సీహెచ్ఏ, అంటే మన తరఫున కస్టమ్స్ పని చూసే ఏజెంటు, ఆఫీసులో మీ ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు చూసి డేటా కొడతారు. సబ్మిట్ చేసే ముందు చెక్‌లిస్ట్ పీడీఎఫ్ తీసి మీకు వాట్సాప్ చేస్తారు. అవతల పోర్టు గేటు కటాఫ్ తరుముకొస్తుంటుంది. ఫోన్ తెర మీద అంత సన్న అక్షరాలు చదివే ఓపిక ఎవరికుంటుంది? ‘ఓకే’ అని కొట్టి పంపేస్తాం. ఈ గదిలో అలా కొట్టనివాళ్లు ఉంటే చేతులెత్తండి. సరే, దించండి.

కస్టమ్స్ చట్టం 1962, సెక్షన్ 50 ప్రకారం బిల్లులో రాసింది నిజమనీ, పూర్తి వివరమనీ పూచీ పడేది ఎగుమతిదారు. టైపు చేసింది ఎవరైనా కావచ్చు, పూచీ మాత్రం మీదే. తెలిసి తప్పుడు వివరం ఇచ్చారని తేలితే 114ఏఏ కింద సరుకు విలువకు 5 రెట్ల దాకా జరిమానా పడవచ్చు.

వరస త్వరగా చెప్పేస్తాను. ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్), జీఎస్టీఐఎన్ (జీఎస్టీ నంబరు), విదేశీ చెల్లింపులు చూసే బ్యాంకు ఏడీ కోడ్ ముందే నమోదై ఉండాలి. ఐజీఎస్టీ (ఎగుమతుల మీద వర్తించే జీఎస్టీ) కట్టకుండా పంపేవాళ్లకు ఆ ఏడాది ఎల్‌యూటీ, అంటే హామీ పత్రం, ఉండాలి. డిజిటల్ సంతకంతో ఫైల్ చేస్తే నంబరు, తేదీ వస్తాయి. సరుకు చేరాక గూడ్స్ రిజిస్ట్రేషన్, రిస్కు వ్యవస్థ అడిగితే అసెస్‌మెంటు, పరీక్ష, ఆ తర్వాత లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డరు, అంటే సరుకు ఎగుమతికి కస్టమ్స్ అనుమతి. అందరూ ఎల్ఈఓ అంటారు. నౌక బయల్దేరే వేళకి షిప్పింగ్ లైను ఈజీఎం, అంటే నౌకలో ఎక్కిన సరుకు జాబితా, కస్టమ్స్‌లో వేస్తుంది. అంతే వరస. ఇందులో కష్టమేమీ లేదు. కష్టమంతా ఐటమ్ పేజీలో ఉంటుంది.

మొదట హెచ్‌ఎస్ కోడు, అంటే సరుకు రకాన్ని చెప్పే అంకె. ఎండు మిరపకాయ అలాగే పంపితే 0904 21. దంచినా పొడి కొట్టినా 0904 22. పాత బిల్లు కాపీ చేసి కొత్తది తయారుచేసే అలవాటు వల్ల కారప్పొడి కంటెయినరు కాయల కోడుతో వెళ్లిపోతుంది. పరీక్షలో బయటపడితే కంటెయినరు ఆగుతుంది. బయటపడకపోతే ఇంకా ఇబ్బంది, ఎందుకంటే ఆ ముడి ఆడిట్‌లో పడుతుంది.

తర్వాత పరిమాణం. ఇన్‌వాయిస్‌లో పెట్టెలు రాసుకుంటాం, టారిఫ్ కిలోలు అడుగుతుంది. రోడ్‌టెప్‌లో, అంటే ఎగుమతి సరుకు మీద పడ్డ కొన్ని పన్నులు వెనక్కిచ్చే పథకంలో, కొన్ని సరుకులకు యూనిట్‌కి ఇంతకు మించదని పరిమితి ఉంది. 1,000 పెట్టెలను 1,000 కిలోలుగా కొడితే ఆ పరిమితి లెక్క కూడా తప్పే. రోడ్‌టెప్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 2021 జనవరి 1 నుంచి ఉన్న ఈ పథకం దానంతటదే రాదు. ప్రతి ఐటమ్‌కి విడిగా ‘కావాలి’ అని గుర్తు పెట్టాలి. పది ఐటమ్‌లలో తొమ్మిదింటికి పెట్టి పదోది వదిలేస్తే ఆ పదోదానికి రాదు.

విలువ. సీఐఎఫ్ (ఫ్రైట్ అనే నౌకా రవాణా ఖర్చు, బీమా కలిపిన ధర) 50,000 డాలర్లు, ఫ్రైట్ 3,000, బీమా 250 అనుకుంటే, ఆ రెండూ తీసేసిన ఎఫ్‌ఓబీ 46,750. డ్రాబ్యాక్ శాతం దీని మీదే. ఫ్రైట్ గడి ఖాళీగా వదిలితే ఎఫ్‌ఓబీ ఉబ్బుతుంది, రాకూడని డబ్బు వస్తుంది. అది వడ్డీతో వెనక్కి కట్టాలి.

బరువు. వీజీఎం అంటే తూచి ధ్రువీకరించిన బరువు, ఖాళీ కంటెయినరు బరువు కూడా కలిపిన మొత్తం. 2016 జులై 1 నుంచి సోలాస్ అనే అంతర్జాతీయ నౌకా భద్రత ఒప్పందం కింద అది తప్పనిసరి. బిల్లులో గ్రాస్ వెయిట్ అంటే సరుకూ ప్యాకింగూ మాత్రమే. వేబ్రిడ్జి చీటీ మీది అంకె తెచ్చి గ్రాస్ గడిలో వేయకండి.

ఇప్పుడు ఐజీఎస్టీ కట్టి రిఫండ్ కోసం ఎదురుచూసేవాళ్లు కాస్త ముందుకి జరిగి వినండి. షిప్పింగ్ బిల్లే మీ రిఫండ్ దరఖాస్తు, విడిగా వేరేది లేదు. జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్ను) టేబుల్ 6ఏలో ఉన్న ఇన్‌వాయిస్ నంబరు, తేదీ బిల్లులో ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. చాలా చోట్ల ట్యాక్స్ ఇన్‌వాయిస్‌కి ఒక నంబరు, కొనుగోలుదారుకి పంపే కమర్షియల్ ఇన్‌వాయిస్‌కి ఇంకో నంబరు పెడతారు. అకౌంట్స్ వాళ్లు ఒకటి వేస్తారు, సీహెచ్ఏ రెండోది వేస్తాడు. ఎస్‌బీ005 అనే ఎర్రర్ అక్కడే పుడుతుంది. రెండింటికీ ఒకే నంబరు పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. ఎంత చెప్పినా ఈ ఒక్కటీ ఎందుకు మారదో నాకు అంతుపట్టదు.

ఎల్ఈఓ వచ్చిందని ఫైలు మూసేస్తారు. మూయకండి. యార్డులో కంటెయినరుకి చిల్లు కనిపించి మార్చారనుకోండి, బిల్లులో పాత నంబరు, ఈజీఎంలో కొత్త నంబరు ఉంటాయి. కొన్ని పెట్టెలు ఎక్కకుండా మిగిలిపోయి షార్ట్ షిప్‌మెంట్ అయితే ప్యాకేజీల లెక్క కలవదు. రెండు సందర్భాల్లోనూ డబ్బు ఆగిపోతుంది. కంటెయినరు నంబరు నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, ఆపైన ఒక చెక్ డిజిట్. ఆ చివరి అంకె సరిచూస్తే నంబరు ఎక్కడో తప్పు పడిందని సాధారణంగా అప్పుడే తెలిసిపోతుంది.

ఇక దిద్దుబాటు. సరుకు వెళ్లాక కూడా సెక్షన్ 149 కింద సవరణ అడగొచ్చు, కానీ ఎగుమతి నాటికే ఉన్న పత్రాలు చూపితేనే. తర్వాత తయారుచేసిన లేఖలు పనికిరావు. అందుకే ఆర్డరు కాపీ, స్టఫింగ్ నాటి ఫొటోలు, వేబ్రిడ్జి చీటీ, సీలు నంబరు రాసిన కాగితం, మీకొచ్చిన చెక్‌లిస్ట్, అన్నీ బిల్లు నంబరు మీద ఒకే ఫోల్డరులో పడేయండి.

నౌక బయల్దేరాక వారం లోపు ఐసీగేట్‌లో పోర్టు కోడ్, బిల్లు నంబరు, తేదీ కొట్టి ఈజీఎం పడిందో లేదో చూడండి. ఎస్‌బీ002 అంటే ఈజీఎం పడలేదని. ఎస్‌బీ006 అయితే, మీ సరుకు హైదరాబాద్ లాంటి ఐసీడీలో (సముద్రానికి దూరంగా ఉండే కస్టమ్స్ డిపోలో) క్లియరై పోర్టుకి వెళ్లింది, నౌక ఎక్కే ఆ గేట్‌వే పోర్టు ఈజీఎం ఇంకా జత కాలేదు. ఈ రెండిటికీ మీరు ఫోన్ చేయాల్సింది షిప్పింగ్ లైనుకి. కస్టమ్స్ కౌంటర్ దగ్గర క్యూ కట్టి లాభం లేదు.