3 ప్లేట్ల ఇడ్లీకి 40 అంకెల బిల్లు! పైథాన్‌లో టైప్ ఎర్రర్

అందరికీ నమస్తే. పైథాన్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టిన కొత్తలో అందరికీ తగిలే, రకాలు కలవని డేటాని కలిపితే వచ్చే టైప్ ఎర్రర్‌ సంగతి ఇవాళ తేల్చేద్దాం.

స్క్రీన్ మీద చూడండి. టిఫిన్ బిల్లు ప్రోగ్రామ్, నాలుగే లైన్లు. మొదటి లైన్‌లో ఎన్ని ప్లేట్లు అని ఇన్‌పుట్‌తో అడుగుతున్నాం. రెండో లైన్‌లో దాన్ని ప్లేటు ధర 40తో గుణించి టోటల్‌లో పెడుతున్నాం. మూడో లైన్‌లో పార్సిల్‌కి ఇంకో 10 కలుపుతున్నాం. నాలుగోది ప్రింట్. రన్ చేసి 3 కొడుతున్నా. రావాల్సింది 130.

వచ్చింది ఎర్రర్. "కెన్ ఓన్లీ కన్‌కాటినేట్ ఎస్‌టీఆర్, నాట్ ఇంట్, టు ఎస్‌టీఆర్." స్ట్రింగ్‌కి స్ట్రింగ్‌నే అతికిస్తాను, నంబర్‌ని అతికించలేను అంటోంది. ఎస్‌టీఆర్ అంటే స్ట్రింగ్, అక్షరాల వరుస. ఇంట్ అంటే పూర్ణాంకం. చూపిస్తున్నది మూడో లైన్. వెంటనే ఏం చేస్తారు? అక్కడే టోటల్‌కి, నంబర్‌గా మార్చే ఇంట్ తగిలిస్తారు. సరే, తగిలించా. రన్.

ఎర్రర్ పోయింది. బిల్లు చూడండి! 3333 అంటూ లైన్ పొడుగునా 40 అంకెలు. చివర్లో మాత్రం 43. అంటే పార్సిల్ 10 బుద్ధిగానే కలిపిందన్నమాట!

అసలు గొడవ మొదటి లైన్‌లో ఉంది. మీరు ఏం కొట్టినా ఇన్‌పుట్ దాన్ని స్ట్రింగ్‌గానే ఇస్తుంది. స్ట్రింగ్‌ని 40తో గుణిస్తే పైథాన్ దాన్ని 40 సార్లు పక్కపక్కన పేరుస్తుంది. దాని లెక్కలో అది తప్పే కాదు, అందుకే రెండో లైన్‌లో కిక్కురుమనలేదు. నన్నడిగితే, అరిచే లైన్ కంటే ఇలా చప్పుడు చేయకుండా దాటిపోయే లైన్‌తోనే జాగ్రత్తగా ఉండాలి. అనుమానం వస్తే ప్రింట్‌లో, విలువ ఏ రకమో చెప్పే టైప్ పెట్టి చూడండి, ఎస్‌టీఆర్ అని బయటపడుతుంది.

మూడో లైన్‌లో పెట్టిన ఇంట్ తీసేద్దాం. మొదటి లైన్‌లో ఇన్‌పుట్ మొత్తాన్ని ఇంట్ బ్రాకెట్లలో పెడదాం. చివర రెండు బ్రాకెట్లూ మూశారా? రన్. 3. వచ్చింది, 130.

ఇప్పుడు ప్రింట్‌లో ముందు "బిల్లు" అని రాసి ప్లస్‌తో టోటల్‌ని కలిపారనుకోండి, మళ్లీ అదే ఎర్రర్. ఈసారి టోటల్ నిజంగానే నంబర్ కాబట్టి. ప్లస్ తీసి కామా పెట్టండి, చాలు.

అన్నట్టు, ఇంట్‌కి మన తెలుగు అంకె ౩ ఇచ్చినా తీసుకుంటుంది, కొట్టి చూడండి. "మూడు" అని అక్షరాల్లో రాస్తే మాత్రం వాల్యూ ఎర్రర్ వస్తుంది. దానికి మందు ఎర్రర్‌ని పట్టుకునే ట్రై, ఎక్సెప్ట్. అది వచ్చే వీడియోలో.